సగటుకు నిజం, బోరుకు జూదం

బోరు వేయించబోయే రైతు నేలను అడిగేవి రెండే ప్రశ్నలు: ఏ చోట? ఎన్ని ఫీట్లకు? సిద్దిపేట జిల్లాలో ఈ ప్రశ్నలకు ఇంతకాలం ముగ్గురు జవాబు చెబుతూ వచ్చారు. కొబ్బరికాయో వేపపుల్లో పట్టుకుని పాయింట్ పెట్టే మనిషి ఒకరు. నేలలోకి కరెంటు పంపి మీటరు చూసే జియాలజిస్టు ఇంకొకరు. మూడోది పక్కచేనులోని బోరు. ఇప్పుడు నాలుగో సాక్షి కూడా వచ్చింది. నేల లోపలి రాతి పగుళ్లను లెక్కగట్టి, వాటిలో నీరు ఎటు పోతుందో, ఎంత నిలుస్తుందో చెప్పే కంప్యూటర్ మోడల్ అది.

ఈ సాక్షిని ఎంతవరకు నమ్మాలన్న దానిపై రెండు పక్షాలున్నాయి. బోర్ల అనుమతులు, యాసంగి పంటల నిర్ణయం, చెరువు నింపే వరస, అన్నీ ఈ లెక్కల మీదే నడవాలని ఒక పక్షం అంటుంది. చూడని పగులును ఊహించి గీసిన బొమ్మ మీద రైతు లక్షలు పోయాలా అని రెండో పక్షం అడుగుతుంది. రెండు వాదాల్లోనూ సరుకుంది. తేల్చే ముందు అసలు లెక్కగడుతున్నది దేన్నో చూడాలి.

రాయి లోపలి దారి

సిద్దిపేట కింద ఉన్నది గ్రానైటు, నైస్ రాయి. వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఈ రాయి తనంతట తాను చుక్క నీటిని పట్టుకోదు. నీరుండేది రెండు చోట్ల. పైన రాయి మెత్తబడి మొరంగా మారిన పొర ఒకటి. దాని కింద, గట్టిరాయికి పైన, పగుళ్లు పట్టిన పొర మరొకటి. ఆ పొరలో పగుళ్లు ఎక్కువగా అడ్డంగా, ఉల్లిపొరల్లా ఒకదాని కింద ఒకటి పరచుకుని ఉంటాయి. బోరు పనివాళ్లు ‘గ్యాప్ తాకింది’ అనేది ఈ పగులు గురించే.

రాతిని చీల్చే గణితానికి పుట్టిల్లు మాత్రం చమురు, గ్యాసు బావులు. బావిలోకి ఒత్తిడితో నీరు పంపి రాతిని చీలిస్తే ఆ చీలిక ఎంత పొడవు సాగుతుంది, ఎంత వెడల్పు తెరుచుకుంటుంది అన్న లెక్కను 1955లో సోవియట్ శాస్త్రవేత్తలు క్రిస్తియానోవిచ్, జెల్తోవ్ మొదలుపెట్టారు. 1961లో అమెరికాలో పెర్కిన్స్, కెర్న్ ఇంకో దారిలో అదే లెక్క కట్టారు. అమెరికాలో షేల్ గ్యాసు జోరు పెరిగాక ఈ సమీకరణాలు కంప్యూటర్లలోకి వెళ్లి పెద్ద పరిశ్రమే అయ్యాయి. షేల్ రాతిలో గ్యాసు సన్నని రంధ్రాల్లో ఇరుక్కుని ఉంటుంది, దారి మనిషే కొట్టాలి. అందుకు ఒక్కో బావికి కోటి లీటర్లకు మించి నీళ్లు దింపుతారు. మన గ్రానైటులో దారి ప్రకృతే వేసింది. ఆ దారి ఎక్కడుందో కనిపెట్టడమే మన పని. ఒకచోట పగులును పుట్టిస్తారు, ఒకచోట వెతుకుతారు. పగులులో ప్రవాహానికి రాసే లెక్క మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఆ మాటకొస్తే ఒత్తిడితో రాతిని చీల్చే పద్ధతి మనవాళ్లకు కొత్త కాదు. చేతిపంపుల కాలంలో నీరు తగ్గిన బోర్లలోకి గొట్టం దింపి, మధ్యలో బిగుతుగా అడ్డు పెట్టి, ఒత్తిడితో నీళ్లు కొట్టి, పూడిన పగుళ్లను తెరిచే పని దేశంలో చాలాచోట్ల తాగునీటి శాఖలు చేశాయి. రసాయనాలు లేవు, కోటి లీటర్లు లేవు. కొన్ని బోర్లు లేచాయి, కొన్ని లేవలేదు.

తెలుగు నేల మీద అసలు షేల్ కథ కూడా ఉంది. 2013లో అమెరికా ఇంధన సమాచార సంస్థ కృష్ణా-గోదావరి బేసిన్‌లో 57 లక్షల కోట్ల ఘనపుటడుగుల షేల్ గ్యాసు సాంకేతికంగా తీయదగినదని అంచనా కట్టింది. అదే ఏడాది కేంద్రం షేల్ గ్యాసు విధానం ప్రకటించింది. ఓఎన్‌జీసీ పరీక్ష బావులు తవ్వింది. ఆ అంచనా పత్రికల్లో పతాక శీర్షికయింది కానీ అమ్మకానికి గ్యాసు రాలేదు. కాగితం మీది లెక్కకు, బావి నోట్లోంచి వచ్చేదానికి మధ్య దూరం ఎంతుంటుందో తెలియడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. కానీ దీన్నే పట్టుకుని మోడళ్లన్నీ దండగ అనుకుంటే తొందరపడినట్టే.

మోడల్ వైపు నుంచి

1999లో హైదరాబాద్ ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్ఐ, ఫ్రాన్స్ భూగర్భ సంస్థ బీఆర్‌జీఎం కలిసి ఒక భూగర్భజల పరిశోధన కేంద్రం పెట్టాయి. హైదరాబాద్‌కు దక్షిణంగా మహేశ్వరంలో 53 చదరపు కిలోమీటర్ల చిన్న పరీవాహకాన్ని వాళ్లు ప్రయోగశాలగా చేసుకున్నారు. షకీల్ అహ్మద్, మరెషాల్, డెవాండెల్ వంటి శాస్త్రవేత్తలు అక్కడ బోర్లలో నీటి మట్టాలు కొలిచారు, పంపులు నడిపి చూశారు, ఏ లోతులో నీరు వస్తోందో ఒక్కో మీటరుగా పరీక్షించారు.

తేలిన సంగతి రైతు జేబుకు నేరుగా సంబంధించింది. నీరు పారే పగుళ్లలో చాలా భాగం నేల మీది నుంచి సుమారు 40 మీటర్ల లోపే, అంటే 130 అడుగుల లోపే ఉన్నాయి. కిందికి పోయేకొద్దీ పలచబడ్డాయి. రాయి పైనుంచి కిందికి మెత్తబడే క్రమంలోనే ఈ పగుళ్లు పుడతాయని వాళ్ల వాదం. కాబట్టి పగుళ్ల పొర ఎక్కడ ముగుస్తుందో ఒక ప్రాంతం మొత్తానికి గీయవచ్చు. 2004 నుంచి వచ్చిన వాళ్ల పత్రాలు గ్రానైటు నేలల మీద ప్రపంచమంతా చదివే రచనలయ్యాయి.

ఈ పని మహేశ్వరంతో ఆగలేదు. గజ్వేల్ దగ్గరి చిన్న పరీవాహకంలోనూ, తర్వాత దాదాపు వెయ్యి చదరపు కిలోమీటర్ల కూడవెల్లి వాగు పరీవాహకంలోనూ ఈ బృందాలు పొరల మందాలు, రాయి నీరు పట్టే గుణం, వరి మడి నుంచి తిరిగి ఇంకే నీరు లెక్కగట్టాయి. అప్పటికి అది మెదక్ జిల్లా, 2016 అక్టోబర్ 11 తర్వాత ఈ పరీవాహకాల్లో చాలా భాగం సిద్దిపేట జిల్లా. అంటే ఇది పరాయి చోటి లెక్క కాదు, ఈ నేలదే.

ఈ లెక్క ఏం చెప్పగలదో ఒక ఎకరం మీద చూద్దాం. మహేశ్వరం కొలతల ప్రకారం ఈ రాతి నేల నీరు పట్టే శక్తి ఒకటిన్నర శాతం లోపు. 1.4 శాతం వేసుకుంటే ఎకరం కింద నీటి మట్టం ఒక మీటరు దిగినప్పుడు మన చేతికి వచ్చేది దాదాపు 57 వేల లీటర్లు. యాసంగి వరికి 1,200 మిల్లీమీటర్ల నీరు పెట్టారనుకుందాం. అది ఎకరానికి 48 లక్షల లీటర్లకు పైమాట. మడిలో పోసిన నీటిలో దాదాపు సగం మళ్లీ కిందికే ఇంకుతుందని ఈ పరిశోధనల్లోనే తేలింది. ఆ సగం తీసేసినా నికరంగా 24 లక్షల లీటర్లు ఖర్చు. అంటే ఒక ఎకరం వరి, చుట్టూ 40 ఎకరాలకు పైగా నేలలో మట్టాన్ని మీటరు దించుతుంది. వానకాలంలో 100 మిల్లీమీటర్లు నేలలోకి ఇంకాయనుకుంటే ఎకరానికి వచ్చేది నాలుగు లక్షల లీటర్లు. ఆరెకరాల మీద ఇంకిన వాన ఒక్క ఎకరం వరికి సరి.

ఈ లెక్కకు పెద్ద కంప్యూటర్ కూడా అక్కర్లేదు, కానీ ఊరందరి ముందు పెడితే మాట మారుతుంది. ఎవరి బోరు వాళ్లది అనుకున్నది నిజానికి పంచుకున్న నీరని అర్థమవుతుంది. మోడల్ చేసేది ఈ లెక్కనే ప్రతి పొలానికి, ప్రతి నెలకు, ప్రతి చెరువుకు విస్తరించడం. వచ్చే రెండేళ్లు కరువైతే ఏ ఊళ్లో బోర్లు ముందు ఎండుతాయి? కుంట నిండితే దాని ప్రభావం ఎన్ని పొలాల దాకా పోతుంది? వరి సగం తగ్గించి ఆరుతడి పంటలు వేస్తే మట్టం ఎన్నేళ్లకు లేస్తుంది? కొబ్బరికాయ తిరిగినా తిరగకపోయినా ఈ ప్రశ్నలకు జవాబు రాదు.

రైతులే లెక్క పట్టుకున్న అనుభవమూ మనకుంది. 2000ల దశకంలో అనంతపురం, కర్నూలు, నల్లగొండ, మహబూబ్‌నగర్ వంటి ఏడు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతుల ఆధ్వర్యంలో భూగర్భజల నిర్వహణ పథకం ఒకటి నడిచింది. వాన ఎంత పడిందో, బోర్లలో మట్టం ఎంతుందో రైతులే కొలిచారు. యాసంగికి ముందు ఊరంతా కూర్చుని నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఎవరూ ఎవరికీ హుకుం జారీ చేయలేదు. అంకెలు చూసి కొందరు వరి తగ్గించుకున్నారు.

మోడల్ వేయకపోవడం కూడా ఒక నిర్ణయమేనని ఈ పక్షం గుర్తుచేస్తుంది. 50 టీఎంసీల మల్లన్నసాగర్ ఈ జిల్లాలోనే ఉంది. 22 కిలోమీటర్లకు పైగా పొడవున్న మట్టికట్ట మధ్య నీళ్లు నిలిపిన జలాశయమిది. వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్, పల్లెపహాడ్ వంటి ఊళ్లు దీని కోసం పోయాయి. 2024 ఫిబ్రవరిలో శాసనసభ ముందుకు వచ్చిన కాగ్ నివేదిక, భూకంప సంబంధమైన అధ్యయనాలు సరిగా చేయించకుండానే దీన్ని కట్టారని తప్పుపట్టింది. నేల కింద లోతైన చీలికలున్నాయా, నీటి బరువుకు అవి ఎలా స్పందిస్తాయన్నది కట్టకముందు వేయాల్సిన లెక్క. 1967 డిసెంబర్‌లో మహారాష్ట్రలోని కోయినా జలాశయం దగ్గర 6.3 తీవ్రతతో భూమి కంపించిన దేశం మనది. కట్టాక లెక్క వేయడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

ఎదురు వైపు నుంచి

రెండో పక్షం వాదం ఒక చిన్న గణిత సూత్రంతో మొదలవుతుంది. పగులులో పారే నీరు పగులు వెడల్పు మీద ఆధారపడుతుంది, అదీ మూడుసార్లు గుణించిన లెక్కన. వెడల్పు రెండింతలైతే నీరు ఎనిమిదింతలు. పగుళ్ల వెడల్పులు మిల్లీమీటరులో పదో వంతో, ఇంకా తక్కువో. వంద అడుగుల కింద ఉన్న సన్నని సందు వెడల్పును ఎవరు కొలిచారు? అంచనాలో సగం తేడా వచ్చిందంటే రెండించుల నీళ్లు పడే బోరు కాస్తా తడిదుబ్బ కొట్టి ఊరుకుంటుంది.

అందుకే శాస్త్రవేత్తలు ఫలానా పగులు ఫలానా చోట ఉందని చెప్పరు. క్వారీల్లో, బోర్లలో కనిపించిన పగుళ్ల తీరు చూసి, ఆ తీరుకు సరిపోయే పగుళ్ల వలలను కంప్యూటర్‌లో వందలు, వేలు గీస్తారు. ఒక్కో వలలో నీటిని పారించి చూస్తారు. వచ్చిన జవాబులన్నీ కలిపి ఒక సగటు, ఒక హద్దు చెబుతారు. పెద్ద పరీవాహకానికైతే ఇంకా తేలిక దారి పడతారు. పగుళ్ల సంగతే మరిచిపోయి, రాయంతా ఇసుకలా అన్ని దిక్కులా నీరు పట్టేదే అనుకుని లెక్క కడతారు. కూడవెల్లి పరీవాహకం మొత్తానికి అది పనికొస్తుంది. సర్వే నంబరులో ఒక మూలకు పనికిరాదు.

మోడల్‌కు మేత సమాచారమే. అది ఎక్కడ పుడుతుందో రిగ్గు దగ్గర నిలబడితే తెలుస్తుంది. కంప్రెసర్ హోరులో తెల్లటి దుబ్బ లేచి చెట్ల మీద, మనుషుల మీద పడుతూ ఉంటుంది. రాడ్డు మీద రాడ్డు దిగుతుంది. డ్రిల్లర్ గుప్పెడు దుబ్బ పట్టి రంగు చూస్తాడు, వేళ్ల మధ్య నలిపి తేమ చూస్తాడు. “ఇంకో యాబై ఫీట్లు కొట్టమంటవా పటేలా?” అని అడుగుతాడు. “నువ్వేమంటవే?” అంటాడు రైతు. “దుబ్బ తడిగొస్తున్నది. గ్యాప్ తాకేటట్టే ఉన్నది.” లోతు పెరిగినకొద్దీ ఫీటు రేటు కూడా పెరుగుతుంది. అయినా కొట్టమంటాడు, ఇప్పటిదాకా పెట్టింది వదులుకోలేక. ఏ లోతులో రాయి రంగు మారింది, ఏ లోతులో తేమ వచ్చింది, ఎక్కడ గ్యాప్ తాకింది, ఇదంతా డ్రిల్లర్ తలలో ఉంటుంది. రిగ్గు మరో ఊరికి పోగానే ఆ సమాచారం కూడా పోతుంది. బిల్లు మీద మిగిలేది మొత్తం ఫీట్లు, కేసింగ్ పైపు ఎన్ని ఫీట్లు, ఎన్ని రూపాయలు, అంతే. ఇలాంటి పునాది మీద మోడల్ ఎంత గట్టిగా నిలబడుతుందన్న ప్రశ్నలో న్యాయముంది.

డబ్బుకు, కొలతలకు కొదవలేని చోట కూడా మోడళ్లు దెబ్బతిన్నాయి. టెక్సాస్‌లోని మిడ్‌లాండ్ బేసిన్‌లో ఒక పరిశోధన స్థలంలో, ఒత్తిడితో చీల్చిన షేల్ రాతిలోకి మళ్లీ బావి తవ్వి సుమారు 600 అడుగుల రాతి కడ్డీలు పైకి తీశారు. ఒక్కో చోట ఒక్కో పెద్ద చీలిక ఉంటుందన్నది మోడళ్ల అలవాటైన ఊహ. కడ్డీల్లో కనిపించినవి 700కు పైగా కొత్త పగుళ్లు, గుంపులు గుంపులుగా. దక్షిణ కొరియాలోని పోహాంగ్‌లో వేడినీటి విద్యుత్తు కోసం లోతు గ్రానైటులోకి నీళ్లు ఎక్కించారు. 2017 నవంబర్‌లో 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. ముందు ఎవరూ గుర్తించని చీలిక మీదకు ఆ నీటి ఒత్తిడి చేరిందని 2019లో ప్రభుత్వ విచారణ బృందం తేల్చింది. పటంలో లేని చీలిక మోడల్‌లో ఎలా ఉంటుంది?

మన దగ్గరికే వస్తే చౌటుప్పల్ దగ్గర ఎన్‌జీఆర్ఐ ప్రయోగ క్షేత్రంలో తేలిన సంగతి ఇంకా ఆలోచించదగ్గది. నీటి మట్టం పైన ఉన్నప్పుడు పగుళ్లు ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి, ఒక బోరు నీరు తోడితే దూరపు బోరులో కూడా కదలిక కనిపిస్తుంది. మట్టం దిగి కింది పగుళ్లకు చేరాక ఆ బంధం తెగిపోతుంది. నేల చిన్నచిన్న గదులుగా విడిపోతుంది. ఒక గదిలో నీళ్లుంటాయి, పక్క గది ఎండిపోతుంది. మంచి కాలంలో సరిచూసిన మోడల్ కరువు కాలంలో దారి తప్పే ప్రమాదం ఇక్కడుంది. అంటే మనకు అవసరం ఎక్కువైనప్పుడే దాని మాట మీద గురి తగ్గుతుంది.

రాతి కింది అనిశ్చితి ఒకటైతే రాతి పైది మరొకటి. రంగనాయకసాగర్, కొండపోచమ్మసాగర్ జలాశయాలు 2020లో, మల్లన్నసాగర్ 2022లో వాడుకలోకి వచ్చాయి. గోదావరి నీళ్లు కాలువల్లోకి, చెరువుల్లోకి రావడంతో జిల్లా నీటి లెక్కే మారింది. 2023 అక్టోబర్‌లో గోదావరి మీది మేడిగడ్డ బరాజ్ పిల్లర్లు కుంగడంతో ఆ నీటి దారి మళ్లీ మారింది, ఎల్లంపల్లి నుంచి ఎత్తిపోసుకోవాల్సి వచ్చింది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఇవ్వడంతో పంపులు నడిచే గంటలూ మారాయి. వీటిలో ఏ ఒక్కటీ రాయి గుణం కాదు. ఏ మోడలూ వీటిని ముందు చెప్పలేదు, చెప్పమని అడగడం కూడా న్యాయం కాదు. కానీ మోడల్ చెప్పిన మట్టానికి, బోరులో కనిపించే మట్టానికి తేడా తెచ్చేవి ఇవే.

ఇక చివరి అభ్యంతరం పగుళ్లది కాదు, పెత్తనానిది. అంకె చేతికొచ్చాక అధికారికి పని సులువవుతుంది. మీ ఊళ్లో నీళ్లు అయిపోయాయని తెర చెబుతోంది, కొత్త బోరుకు అనుమతి లేదు అనవచ్చు. ఆ మాట దెబ్బ తగిలేది నిన్నటిదాకా బోరు వేయలేకపోయిన చిన్న రైతుకు. ఇప్పటికే మూడు బోర్లున్నవాడి పంపు ఆగదు. లెక్క నిష్పక్షపాతంగానే ఉంటుంది, దాన్ని అమలు చేసే తీరు మాత్రం ముందొచ్చినవాడికి మేలు చేస్తుంది.

పొరపాటు ఎవరి మెడకు

ఇంతకీ ఎవరి మాట నిలుస్తుంది? నా మట్టుకు నాకు రెండు పక్షాలూ వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నాయనిపిస్తుంది. ఊరి నీటి జమాఖర్చు ఎంత అన్నది ఒక ప్రశ్న. నా బోరులో నీళ్లు పడతాయా అన్నది మరొకటి. మోడల్ మొదటిదానికి బాగానే చెబుతుంది, ఎందుకంటే వందల బోర్లు కలిసేసరికి ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ పోను సగటు నిలబడుతుంది. రెండోదానికి అది చెప్పగలిగేది అవకాశం ఎంతో మాత్రమే.

షేల్ కంపెనీకి ఈ తేడా పెద్ద బాధ కాదు. అది వందల బావులు తవ్వుతుంది. పది బావుల్లో నాలుగు అంచనాకు తక్కువ ఇచ్చినా మిగిలినవి లెక్క పూడుస్తాయి. సగటు సరిగా ఉంటే దాని పంట పండినట్టే. మోడల్ అన్న పనిముట్టు అలాంటి వాళ్ల చేతిలో, అలాంటి వాళ్ల అవసరానికి పెరిగింది. సిద్దిపేట రైతు వేసేది ఒక బోరు. అది ఎండితే అతని సగటు సున్నా. అరవై శాతం అవకాశం అన్న మాట కంపెనీకి ప్రణాళిక, రైతుకు జూదం. లెక్క చెడ్డదై కాదు, అది తప్పినప్పుడు భరించే భుజం ఒక్కటే కావడం వల్ల వచ్చిన చిక్కిది.

కాబట్టి వాదన మోడల్ మంచిదా చెడ్డదా అన్న దగ్గర ఆగితే తెగదు. సగటు మీద తీసుకునే నిర్ణయం, సగటును భరించగలిగేవాళ్లే తీసుకోవాలి. ఊరు భరించగలదు, ఒంటరి రైతు భరించలేడు. అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కొన్ని ఊళ్ల రైతులు ఈ దారిలో నడిచి చూపించారు. బోర్లున్నవాళ్లు, లేనివాళ్లు కలిసి, బోర్లన్నింటినీ పైపులతో కలిపి, నీళ్లు పంచుకుని, కొత్త బోర్లు వేయబోమని ఒప్పందం రాసుకున్నారు. అక్కడ ఒక బోరు ఎండితే ఒక కుటుంబం మునగదు. అలాంటి ఊళ్లో మోడల్ చెప్పే సగటుకు విలువ ఉంటుంది, ఎందుకంటే అక్కడ నీళ్లు కూడా సగటునే పంచుతున్నారు. ఇది తేలిక పని కాదని తెలుసు. గట్టు తగాదాలున్న ఊళ్లో పైపు కలపడం రాతిలో పగులు వెతకడం కంటే కష్టం కావచ్చు. అయినా మోడల్‌కు పెట్టే డబ్బులో కొంత ఈ ఒప్పందాలకు పెట్టకపోతే మొదటిది కూడా వృథా.

లోతు విషయంలో మాత్రం ఒంటరి రైతుకు కూడా మోడల్ పనికొస్తుందని ఒప్పుకోవాలి. నీరు ఎక్కడ పడుతుందో చెప్పలేకపోయినా, ఎక్కడ ఆపడం మేలో చెప్పగలదు. పగుళ్ల పొర 130 అడుగుల దగ్గర పలచబడే చోట 600 అడుగుల దాకా కొట్టడం పందెం పెంచుకుంటూ పోవడమే. లోతు పగుళ్లు అసలే ఉండవని కాదు. పెద్ద చీలికల వెంట, గోడల్లా నిలిచిన నల్లరాతి డైకుల పక్కన నాలుగైదు వందల అడుగుల్లో నీళ్లు పడ్డ బోర్లు ప్రతి మండలంలో ఉన్నాయి, ఊరంతా చెప్పుకునేది వాటి గురించే. ఎండిన లోతు బోర్ల గురించి ఎవరూ చెప్పుకోరు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూపే పని లెక్కది. ‘ఇంకో యాబై ఫీట్లు’ అన్న మాట వచ్చినప్పుడు రైతు చేతిలో ఆ అంకె ఉంటే, ఆపమనే ధైర్యం కొంత వస్తుంది.

ఇందుకు కావలసిన సమాచారం మనం అనుకున్నంత దూరంలో లేదు. కేసింగ్ పైపు ఎందుకు దింపుతారు? పైనున్న మొరం కూలకుండా, కింది రాయి తగిలేదాకా. అంటే బిల్లు మీది కేసింగ్ ఫీట్లు ఆ చోట మెత్తపొర మందాన్ని దాదాపుగా చెబుతాయి. ఆ బిల్లులు వేల ఇళ్లలో పట్టాదారు పుస్తకాల మధ్య మడిచి ఉన్నాయి. వాటిని ఊరూరా రాసుకుంటే, శాస్త్రవేత్తలు కోట్లు పెట్టినా దొరకనంత దగ్గరదగ్గర కొలతలు దొరుకుతాయి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) బోరుకు అనుమతి, రిగ్గుకు రిజిస్ట్రేషన్ ఉండాలని చెబుతోంది. అదే రిజిస్ట్రేషన్‌కు ఇంకో షరతు జోడించవచ్చు: మొరం ఎన్ని ఫీట్లు, గ్యాప్ ఏ ఫీటు దగ్గర, నీళ్లు ఎన్ని ఇంచులు, ఎండిన బోరైనా సరే, ప్రతిదీ రాసి ఇవ్వాలి. ఎండిన బోర్ల లెక్క రానంతకాలం ఏ మోడలైనా అదృష్టవంతుల కథే చెబుతుంది.

మోడల్ వేసేవాళ్లు కూడా కొన్ని మాటలు ఇవ్వాలి. ఒకే అంకె కాకుండా ఇంత నుంచి ఇంత అని హద్దులతో చెప్పాలి. బయటి నీళ్లు వస్తాయని వేసుకున్నారా, రావని వేసుకున్నారా, రెండు జవాబులూ గ్రామసభ ముందు తెలుగులో పెట్టాలి. ప్రతి యాసంగి తర్వాత, చెప్పిందేమిటి, బోర్లలో కనిపించిందేమిటి అని పక్కపక్కన చూపాలి. చౌటుప్పల్ పాఠం గుర్తుంచుకుని కరువేడు అంచనాలకు హద్దులు ఇంకా వెడల్పుగా పెట్టాలి. అనుమతులు బిగించేటప్పుడు కొత్తగా అడిగేవాళ్లతో పాటు, ఉన్న పంపుల తోడకాన్ని కూడా లెక్కలో పట్టాలి. జలాశయాల విషయంలోనైతే వరస తిరగబడకూడదు. ముందు లెక్క, ఆ తర్వాతే కట్ట.

ఇవన్నీ జరిగితే సిద్దిపేటలో ఈ మోడళ్లను వాడటమే మేలని నా అభిప్రాయం. ఊరి పంటల నిర్ణయానికి, చెరువు నింపే వరసకు, లోతుకు హద్దు పెట్టుకోవడానికి వాడాలి. బోరు పాయింట్ పెట్టడానికి మాత్రం కంప్యూటర్‌ను ముందుకు తోయకూడదు. అలా తోస్తే అది కొబ్బరికాయ కంటే ఖరీదైన కొబ్బరికాయ అవుతుంది. మొదటి పది బోర్లలో నాలుగు ఎండేసరికి జనం దాన్ని ఊరవతల పారేస్తారు, దానితో పాటు పనికొచ్చే లెక్క కూడా పోతుంది. ఈ ఏడు యాసంగి నాట్లకు ముందు ఒక్క మండలం ఈ పని మొదలుపెట్టినా చాలు: ఊరి బోర్ల బిల్లులు కుప్ప పోసి, నీళ్లు పడ్డవీ ఎండినవీ విడదీసి, మిగిలిన నీటికి ఎన్ని ఎకరాల వరి సరిపోతుందో గ్రామసభలో గట్టిగా చదివి వినిపించాలి.